గార్డుగారి పేజీ

మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ కూతురు బొమ్మలు వేస్తుంది. అవన్నీ ఒక చోట పెట్టి సొంతంగా వెబ్‌సైటు నడుపుకోవాలని ఆ పిల్ల కోరిక. మొన్న నాకు ఫోన్ చేసి, "ఆంటీ, హోస్టింగ్ ఎవరి దగ్గర తీసుకుంటే నమ్మకంగా ఉంటుంది? మీరు ఒకప్పుడు ఈ పనే చేసేవారట కదా" అని అడిగింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఎంత చోటిస్తారు, మన ఫైళ్ళకి ఇంకో కాపీ ఉంచుతారా, ఏదైనా తేడా వస్తే ఎంతసేపట్లో సరిచేస్తారు, ఇలాంటివి. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరు. "పండగపూట ఫోన్ చేసి చూడమ్మా. ఎత్తినవాళ్ళ దగ్గర తీసుకో" అన్నాను.

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఇప్పుడు వాళ్ళకి ఫోన్ నంబర్లెక్కడున్నాయి ఆంటీ, మనం ఏదైనా అడిగితే మెషీనే జవాబిస్తుంది అంది. నిజమే. ఏదో చెప్పి పెట్టేశాను. ఆ సలహా నాది కాదు. మా గార్డుగారిది. ఆయన పోయి పాతికేళ్ళు దాటిపోయింది, ఆయన మాట మాత్రం నా నోట్లో ఇలా కూర్చుని ఉందని నాకే తెలీదు.

గార్డంటే రైలు గార్డు. ఇప్పుడు ఆ పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అంటున్నారట. ఆయన వింటే మేనేజరేటి, నా మొకం, అనేవారు. ఖరగ్‌పూర్‌లో మా నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టరు, ఆయన గూడ్సు బండ్ల మీద గార్డు. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్ళే. మేం గుడికి, వాళ్ళు చర్చికి, అంతే తేడా. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఊళ్ళో మిగతా అందరికీ ఆయన గార్డుగారే, బెంగాలీవాళ్ళకి గార్డ్ దాదా.

రైల్లో గార్డు ఆఖరి మనిషి. ఉద్యోగమంతా వెనక పెట్టెలో నిలబడి, వదిలేసి వచ్చిన దారిని చూస్తూ ప్రయాణం చేసినందుకో ఏమో, రిటైరయ్యాక కూడా ఆయనకి ముందు కూర్చోవడం చేతకాలేదు. మలంచా రోడ్డులో ఆటో ఎక్కితే వెనక్కి తిరిగి ఉండే సీటే కావాలి. అది ఖాళీ లేకపోతే ఇంకో ఆటో వచ్చేదాకా ఎండలో నిలబడేవారు. చర్చిలో ఆఖరి బెంచీ, పెళ్ళిళ్ళలో ఆఖరి బంతి. వంటవాళ్ళు గుండిగలు కడుక్కుంటుంటే ఈయన తాపీగా పెరుగన్నం కలుపుకుంటూ కనిపించేవారు. మా నాన్న పోయినప్పుడు శ్మశానానికి అందరికంటే వెనక నడిచింది ఆయనే. తిరిగి వచ్చేటప్పుడు కూడా అందరూ కదిలాక, ఒకసారి అటూ ఇటూ చూసుకుని, అప్పుడు అడుగేశారు.

ఇంకో అలవాటుండేది, అది మాకందరికీ ప్రాణసంకటం. సుభాష్‌పల్లిలో ఆయన అద్దె ఇంటికి ఎవరు వెళ్ళినా, బయల్దేరేటప్పుడు గేటు దాకా వచ్చి చెయ్యెత్తేవారు. మనం కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి చెయ్యెత్తాలి. ఎత్తకపోతే ఆయన చెయ్యి దించరు. కాలేజీ రోజుల్లో ఒకసారి నేను సైకిల్ మీద ఏదో ధ్యాసలో మలుపు తిరిగి వెళ్ళిపోయాను. మర్నాడు మా ఇంటికొచ్చి నాన్నతో ఫిర్యాదు.

"మీ గుంట ఆల్‌రైట్ ఇవ్వకుండా ఎల్లిపోనాది. ఇంటికి సేరిందో నేదో నాకెలగ తెలస్తాది?"

ఆల్‌రైట్ అనేది వాళ్ళ పనిలో మాట. బండి స్టేషను వదిలాక ఇంజన్లోంచి డ్రైవరు వెనక్కి చూసి పచ్చజెండా ఊపుతాడు, వెనక పెట్టెలోంచి గార్డు ఊపుతాడు. మధ్యలో బండి పొడవంతా ఉంటుంది, మొహాలు కనబడవు. అటు జెండా కదిలితే అటు మనిషి బాగున్నాడని, బండి మొత్తం వెనకాలే వస్తోందని. మాకు ఇదంతా ముసలాయన చాదస్తంగా కనిపించేది. నేను మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ చెయ్యెత్తడం మానలేదు, భయం కొద్దీ.

తొంభైల చివర్లో నేను మలంచాలో మా ఇంటి ముందు గదిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. రెండు కంప్యూటర్లు, ఒక ఫోన్ లైను. కలకత్తా నంబరుకి డయల్ చేస్తే కీచుమని గోల చేసి, దాని దయ కలిగితే కలిసేది. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తారా అని అడగడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఒకరోజు గార్డుగారు వచ్చి, గోడవైపు ఆఖరి కుర్చీలో కూర్చుని, గదిలో ఉన్న కుర్రాళ్ళు లేచి వెళ్ళేదాకా నోరు విప్పలేదు.

"అమ్మీ, ఈ ఇంటర్నెట్టులో నాకొక పేజీ కావాల. ఎంత కష్టమేటి?"

"పేజీ కష్టం కాదు బాబాయ్. ఏటి రాస్తావు?"

"నా బండ్ల సంగతి. నాదీ, మా డ్రైవరుదీ."

ఆ డ్రైవరు పేరు వినడమే గానీ నాకు ఎక్కువ తెలీదు. సౌత్ సైడ్ రైల్వే బంగళాల్లో ఉండే ఆంగ్లో-ఇండియన్. చాలా ఏళ్ళు ఇద్దరూ కలిసి బండ్లు నడిపారు. ఎనభైలలో ఇల్లు ఖాళీ చేసి భార్యతో, పిల్లలతో ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. ఈమధ్య అటునుంచి చుట్టాలింటికి వచ్చిన ఒకావిడ చర్చిలో గార్డుగారికి ఒక కబురు చెప్పిందట. ఆ ముసలాయన అక్కడ పెర్త్‌లో ఉన్నాడు, మనవలు కంప్యూటర్లో ఖరగ్‌పూర్ అని కొట్టి ఏదైనా దొరికితే తాతకి చూపిస్తున్నారు, అని.

"అయితే ఆవిడ దగ్గర అడ్రసు తీసుకుని ఉత్తరం రాసెయ్, అయిపోతాది కదా" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఉత్తరం రాస్తే ఆడు జవాబియ్యాల. ఆణ్ణి బలవంతం సేసినట్టుంటాది. ఇదైతే ఆడికిష్టమైతేనే తీస్తాడు, నేదంటే నేదు." అప్పుడు అసలు విషయానికి వచ్చారు. "అయితే ఒకటి అమ్మీ. ఆడు ఒక్కసారే ఒస్తాడు. ఆ పూట తలుపేసుంటే మరి రాడు. ఆడి సంగతి నాకు తెల్సు. అందుకని ఎప్పుడూ తెరిసుండే సోటు సూడు. ఖర్సు సంగతి తరవాత."

నాకు అప్పటికి ఆ మాట బరువు తెలీలేదు. మామూలు పనే అనుకున్నాను. వెబ్‌సైటంటే మనం రాసి పెట్టుకున్న కాగితాల్లాంటివి, వాటిని ఎవరో ఒకరు తమ కంప్యూటర్లో రాత్రీ పగలూ ఆపకుండా నడుపుతూ ఉంచాలి, అలా ఉంచేవాళ్ళనే హోస్ట్ అంటారు, ఆ కంప్యూటర్ని సర్వర్ అంటారు అని చెప్పాను. ఒక్కోసారి ఆ సర్వర్ డౌన్ అవుతుంది అని కూడా చెప్పాను.

"డౌన్‌లో ఎల్తే మరి అప్‌లో ఎప్పుడొస్తాది? టైమింగు ఉంటాది కదా" అన్నారు, ఎంతో గంభీరంగా.

కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. జీవితమంతా అప్ బండి, డౌన్ బండి అని బతికిన మనిషికి పాడైపోవడం అనే అర్థం తట్టలేదు. అర్థమయ్యేలా చెప్పాక మాత్రం ఆయన నవ్వలేదు. ఎంతసేపు పాడై ఉంటుంది, ఎవరు చూస్తారు, మనకి ఎవరు చెబుతారు అని అడగడం మొదలుపెట్టారు. ఆరోజు నుంచి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట ఊరికే చోటిచ్చే విదేశీ సైటొకటి చూపించాను. నమూనాకి ఒక పేజీ పెట్టి తెరిస్తే, పేజీ నెత్తిన, ఒళ్ళు తగ్గించుకోండి అంటూ సగం బట్టల్లో ఒక అమ్మాయి బొమ్మ మెరుస్తూ ఊగుతోంది. ఊరికే ఇస్తారు కాబట్టి వాళ్ళ ప్రకటనలు వేసుకుంటారని చెప్పాను.

"అరే బాబా! ఆడొచ్చి ఇది సూస్తే ఏటనుకుంటాడు? ముసిలోడికి మతి పోనాదనుకోడా? తీసెయ్, తీసెయ్" అని ఆ తెరకి చెయ్యి అడ్డం పెట్టారు, ఎవరో అప్పుడే చూసేస్తున్నట్టు.

తర్వాత కలకత్తా కంపెనీ ఒకటి. పెద్ద ఆఫీసు, ఇంగ్లీషులో టపటపా మాట్లాడే కుర్రాడు. మా సర్వర్ నూటికి తొంభై తొమ్మిది వంతులు నడుస్తూనే ఉంటుంది సార్ అని ఫోన్లో హామీ ఇచ్చాడు. గార్డుగారు రిసీవరు మీద అరచెయ్యి పెట్టి నావైపు తిరిగారు.

"ఆ మిగిలిన ఒక్క వంతూ ఏ పూటో అడుగు."

"అలగ ముందే ఎవరు చెప్తారు బాబాయ్?"

"ఆ పూటే ఆడొస్తే?"

నాకు ఒళ్ళు మండింది. ప్రపంచంలో ఎక్కడా నూటికి నూరు లేదు, నీ కోసం ఎవరూ కొత్తగా తయారు చెయ్యరు అని గట్టిగానే అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. గార్డుగారికి కోపం తెప్పించడం చాలా కష్టం, అది ఇంకా ఎక్కువ కోపం తెప్పించేది. ఆయన తనకు తెలిసిన పద్ధతిలో పరీక్ష మొదలుపెట్టారు. నేను రాసిచ్చిన కంపెనీలన్నిటికీ వేళ కాని వేళల్లో ఫోన్ చెయ్యడం. తెల్లారగానే ఒకసారి, ఆదివారం భోజనాల వేళ ఒకసారి, జోరున వాన కురుస్తుంటే ఒకసారి. అడగడానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు. ఎవరైనా ఎత్తితే "ఠీక్ హై, ఉన్నారు కదా, అదే సూస్తన్నాను" అని పెట్టేసేవారు. అవతలివాళ్ళు నాకు మళ్ళీ ఫోన్ చేసి, మీ నంబరు నుంచి ఎవరో పిచ్చివాడు చేస్తున్నాడు అని చెప్పేవాళ్ళు.

దుర్గా పూజ వచ్చింది. అష్టమి రోజు మా సెంటర్ మూసేసి నేను కొత్త చీర కట్టుకుని పందిళ్ళు చూడ్డానికి బయల్దేరుతుంటే గార్డుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఫోన్ చెయ్యాలట. కలకత్తా నంబరు మోగి మోగి ఆగిపోయింది.

"పూజల్లో ఎవరెత్తుతారు బాబాయ్? వాళ్ళు మాత్రం మనుషులు కారా?"

"పూజలని బండ్లు ఆగుతాయేటి?"

"ఆస్ట్రేలియాలో ఉన్న మనిషికి పూజలేటి! ఆయన పూజల్లోనే ఎందుకొస్తాడు?"

"నానూ అదే అంటన్నాను అమ్మీ. ఆడికి పూజలు నేవు. ఏ పూటైనా ఒస్తాడు."

చీర కుచ్చిళ్ళు పట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఆఖరున భువనేశ్వర్ నంబరు ఒకటి మిగిలింది. అది ఎవరో ఒకావిడ, భర్తతో కలిసి ఇంట్లోనే నడుపుతున్న చిన్న కంపెనీ. రెండో రింగుకే ఎత్తింది. వెనక పొయ్యి మీద ఏదో చుయ్యిమంటోంది, పసిపిల్ల ఏడుస్తోంది. గార్డుగారు తన వచ్చీరాని ఒడియాలో మాట్లాడుతుంటే ఆవిడ ఓపిగ్గా విని, అడక్కుండానే ఒక మాట చెప్పింది. నిన్న పొద్దున్నించి మధ్యాహ్నం దాకా మా సర్వర్ ఆగిపోయిందండి, తప్పు మాదే, మీరు తీసుకునే ముందు తెలిసి ఉండాలి కదా, అని.

గార్డుగారు "ఉం" అని రిసీవరు పెట్టేశారు. మొహంలో రంగు మారింది. ఆయనకి కావలసింది ఆగని సర్వరు కాబట్టి ఇదీ పోయిందనుకుని నేను నీరసపడ్డాను. ఆరోజు మా గేటు దాటి వెళ్తూ ఆయన చెయ్యెత్తడం కూడా ముక్తసరిగా అయింది.

మర్నాడు ఆయన మా సెంటర్లో ఉండగానే ఫోన్ మోగింది. భువనేశ్వర్ ఆవిడ. పెద్దాయన ఉన్నారా అని అడిగింది. ఇచ్చాను. ఆవిడ ఒడియా మాటలు నాకూ వినిపిస్తూనే ఉన్నాయి.

"నిన్న నేను ఆ మాట చెప్పగానే మీరేమీ అనకుండా పెట్టేశారు. కోపం వచ్చిందేమోనని చేశానండి. మా దగ్గర తీసుకోకపోయినా ఫర్వాలేదు. చెప్పేసి ఊరుకుంటే మనసొప్పలేదు."

"నేదమ్మా. కోపం నేదు" అన్నారాయన తెలుగులోనే. ఆవిడకి ఏం అర్థమైందో మరి. రిసీవరు పెట్టేసి, తలుపు వైపు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదులుతుంటే తెలిసింది ఏడుస్తున్నారని. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. నీళ్ళు తెచ్చిస్తే తాగి, అప్పుడు చెప్పారు.

ఒక చలికాలం తెల్లవారుజామున, చిన్న స్టేషను దగ్గర, వీళ్ళ గూడ్సు బండి ఎర్ర సిగ్నల్ దాటేసింది. పట్టాలు వంకర తిరిగే చోటు కాబట్టి వెనక పెట్టెలోంచి తొంగిచూస్తున్న గార్డుగారికి ఆ సిగ్నల్ దూరం నుంచే ఎర్రగా కనిపించింది. బండి ఆగుతుందని ఎదురుచూసి, ఆగకపోయేసరికి తన వైపు బ్రేకు లాగేశారు. సిగ్నల్ దాటాక ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణలో డ్రైవరు, నేను చూసినప్పుడు పచ్చగానే ఉంది అన్నాడు. గార్డుని అడిగారు. ఎర్రగా ఉంది అని చెప్పారు.

"ఆడికి ఆ రేత్రి నిద్ర నేదు. పెళ్ళాం జొరంతో ఉంది, అది సూసుకుని డూటీకి ఒచ్చేసినాడు. నాకు తెల్సు. అయినా ఎర్రది ఎర్రదే గదమ్మీ. మరొకలాగ ఎలగ సెప్పేది?"

డ్రైవర్ని బండి మీంచి దింపేసి షెడ్డులో కూర్చోబెట్టారు. అది ఆ మనిషికి చావుతో సమానం. ఆ తర్వాత అతను ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ రోజూ ఎదురుపడుతూనే ఉన్నారు. బజార్లో, స్టేషన్లో, క్రిస్మస్ ముందు కేకులు కాల్పించుకునే బేకరీ దగ్గర. ఒక్క మాట లేదు. ఆఖరికి అతను సామానంతా అమ్మేసుకుని వెళ్ళిపోయాడు.

"నాను నిజమే సెప్పినాను. తప్పు సెయ్యనేదు. మరి నానెందుకు ఎల్లాల ఆడింటికి, అనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను." కళ్ళు తుడుచుకున్నారు. "ఈ పిల్ల సూడు. నిజం సెప్పింది, మల్లీ ఫోన్ సేసి కోపమొచ్చిందా అని అడిగింది. నాను కూడా ఆ రోజు సాయంకాలం ఆడింటికెల్లి ఒక కప్పు టీ తాగి రావాల్సింది. అంతే. నిజం నిజమే, టీ టీయే."

ఇన్ని రోజులు ఆయన్ని విసుక్కున్నది నా పని నేను చేసుకోనివ్వట్లేదనే గానీ, ఆయన దేనికోసం కాచుకుని ఉన్నారో నాకు అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రమే భువనేశ్వర్ ఆవిడ దగ్గర చోటు తీసుకున్నాం. నూటికి ఎన్ని వంతులు అని ఆయన అడగలేదు.

పేజీ రాయడానికి చాలా రోజులు పట్టింది. డ్రైవరు చదవాలి కాబట్టి ఇంగ్లీషులో. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషు చేసి టైపు చేసేదాన్ని, ఆయన తన రైల్వే ఇంగ్లీషుతో దిద్దేవారు. ఆవిరింజన్ల రోజులు, మంచులో దారి కనబడని రాత్రులు, డ్రైవరు బొగ్గు పార మీద గుడ్లు వేయించి పెట్టడం, అది తిని ఈయనకి కడుపు చెడటం. నవ్వొచ్చేలా చెప్పేవారు. అన్నీ అయ్యాక ఆఖర్న మూడు వాక్యాలు చెప్పించారు. సిగ్నల్ ఎర్రగా ఉంది. నేను అదే చెప్పాను. ఆ సాయంత్రం నీ ఇంటికి రావాల్సింది, రాలేదు.

"బాబాయ్, మొదటి వాక్యం తీసేద్దాం. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఎర్రగా ఉందని ఎందుకు గుర్తుచెయ్యడం? ఆయన చదివి ఠక్కున మూసేస్తాడు" అన్నాను.

"అది తీసేస్తే తక్కినదంతా ఆణ్ణి మంచి సేసుకోడానికి సెప్పినట్టుంటాది. ఆడు పసిగట్టేస్తాడు. ఉండనీ" అన్నారు. ఎంత చెప్పినా వినలేదు.

ఆ రోజుల్లో ప్రతి పేజీ కిందా ఎంతమంది చూశారో చెప్పే అంకె ఉండేది. మాదానికీ పెట్టాను. గార్డుగారు రోజూ వచ్చి పేజీ తెరిపించుకుని ఆ అంకె చూసేవారు. రోజూ పెరుగుతోంది. మొహం వెలిగిపోయేది. మర్నాడు మళ్ళీ పెరిగేది. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నారు, నా పేజీకి జనం వస్తున్నారని. పోనీలే అని ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"బాబాయ్, నువ్వు తెరిచినప్పుడల్లా అది ఒకటి పెరుగుతాది. రోజూ వస్తున్నది నువ్వే."

ఆయన కాసేపు తెర వైపు చూసి, పడీపడీ నవ్వారు. "అంటే నా జెండాకి నానే జెండా ఊపుకుంటన్నానన్నమాట!" అని తొడ చరుచుకున్నారు. భువనేశ్వర్ ఆవిడకి చెబితే, మా సెంటర్ నుంచి తెరిస్తే అంకె కదలకుండా ఏదో ఏర్పాటు చేసింది. ఆ తర్వాత అది ఉన్నచోటే ఉండిపోయింది. ఈయన రావడం మాత్రం మానలేదు.

అలా ఉండగా ఒక సోమవారం అంకె ఒకటి పెరిగింది. మళ్ళీ వారమంతా కదల్లేదు. పై సోమవారం చూస్తే ఇంకొకటి. అప్పటినుంచి వారం వారం అదే వరస. ఎవరో ఆదివారం పూట వచ్చి చూసుకుని పోతున్నారు. ఈమెయిలు అడ్రసు కిందే ఉంది, ఒక్క ముక్క రాయలేదు.

"ఆడే" అన్నారు గార్డుగారు.

ఆయన ఆశ పెట్టుకుని మళ్ళీ దెబ్బ తింటారేమోనని నాకు భయం వేసింది. "అలగ అనుకోకు బాబాయ్. మనుషులు కాకుండా సెర్చ్ ఇంజన్ అని ఒకటుంటాది. అదే వారానికోసారి అన్ని పేజీలూ తిరిగి చూసుకుంటాది. ఇది ఆ ఇంజనే అయ్యుంటాది" అన్నాను.

"ఇంజనా?" ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. "ఇంజనైతే అందులో డ్రైవరుండడేటి?"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పోనీ భువనేశ్వర్ ఆవిణ్ణి అడుగుదాం, ఏ దేశం నుంచి తెరుస్తున్నారో ఆవిడ చూసి చెప్పగలదు, ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది అన్నాను. రిసీవరు కూడా ఎత్తాను. ఆయన లేచి వచ్చి నా చేతిలోంచి తీసుకుని పెట్టేశారు.

"వొద్దు. ఆడు సాటుగా ఒచ్చి సూసుకుంటన్నాడు. సాటుగానే రానీ. ఎవులు నువ్వని అడిగితే బెదిరిపోతాడు."

ఒక్కసారే వస్తాడన్నావు కదా అని గుర్తుచేశాను. "నానే తప్పు సెప్పినాను ఆడి గురించి" అన్నారు, ఎంతో సంతోషంగా. ఆ తర్వాత ఆయన రోజూ రావడం మానేసి సోమవారాలు మాత్రం వచ్చేవారు. వచ్చి, అంకె చూసి, టీ తెప్పించుకుని తాగి వెళ్ళేవారు. మనిషి కాస్త ఒళ్ళు చేశారు కూడా. సర్వర్ ఆగకుండా ఉందా అని మాత్రం ప్రతిసారీ అడిగేవారు.

ఆ మరుసటి ఏడాది చివర్లో చలి ముదిరాక ఆయనకి ఛాతీలో నిమ్ము చేరింది. రైల్వే ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే మాట కష్టంగా ఉంది. వేలితో ఒకటి అని చూపించారు. పెరిగింది బాబాయ్, ఒకటి పెరిగింది అన్నాను. తల ఊపి కళ్ళు మూసుకున్నారు. రెండు రోజుల తర్వాత పోయారు. సమాధుల దొడ్డికి వెళ్ళేటప్పుడు ఆయన పెట్టె ముందు వెళ్తుంటే మేమంతా వెనక నడిచాం. ఆయన అందరికంటే ముందుండటం చూడ్డం అదే మొదటిసారి. నాకు ఆ దృశ్యం అస్సలు నచ్చలేదు.

ఆ వారమే నేను పేజీ తెరిచి, ఆయన మూడు వాక్యాల కింద ఇంకో వాక్యం చేర్చాను. ఇది రాసిన గార్డు ఈ చలికాలం ఖరగ్‌పూర్‌లో కన్నుమూశారు, అని. చెయ్యొచ్చో కూడదో అని చాలా ఆలోచించాను. ఆయనైతే నిజం నిజమే అనేవారు కదా అని చేర్చేశాను.

సోమవారం చూశాను. అంకె ఒకటి పెరిగింది.

ఆ పై సోమవారం కదల్లేదు. ఆ తర్వాత కూడా. సర్వర్‌కి ఏమైనా అయిందేమోనని భువనేశ్వర్ ఆవిడకి ఫోన్ చేశాను. లేదండి, పెద్దాయన పేజీ ఒక్క నిమిషం కూడా ఆగలేదు, నేనే చూసుకుంటున్నాను అంది. ఎవరు వచ్చేవారో, ఎక్కణ్ణుంచి వచ్చేవారో ఆవిణ్ణి నేను అప్పుడూ అడగలేదు. అడగక్కర్లేదు. ఆ పేజీ ఇంకా చాలా ఏళ్ళు తెరిచే ఉంచాను, అంకె మాత్రం మళ్ళీ కదల్లేదు. ఉత్త ఇంజనే అయితే, ఎవరు పోయినా వస్తూనే ఉండేది.